ఏ ఒడ్డూ పిలవని కూత

ముత్తి పోయిందన్న కబురు నాకు మొదట తెచ్చింది ఎండుచేపల మంగమ్మ. శబరి ఒడ్డు ఊళ్లలో చేపలు ఎండబెట్టి, గంపకెత్తుకుని భద్రాచలం వచ్చి, వీధి వీధి తిరిగి అమ్ముకునే మనిషి. మా వాకిట్లో గంప దించి, కొంగుతో మెడ తుడుచుకుని, చెంబెడు నీళ్లు తాగాక గానీ నోరు విప్పదు. ఆ రోజు చెంబు ఇవ్వబోతే అందుకోలేదు.

"అమ్మా, మీ కూత పిల్ల లేదే, గా లంకల పిల్ల... పోయిందంట. జెరమొచ్చిందంట. దవాఖానకు తీస్కపోతుంటె తొవ్వలనే పానం పోయిందంట."

"ఎవరు చెప్పారు మంగమ్మా?"

"సంతల అనుకుంటుంటె విన్న. మట్టి గూడ అయిపోయిందంట. నువ్వు కూసో అమ్మా, గట్ల నిలబడకు."

గడప మీద గుప్పెడు ఎండుచేపలు పెట్టి, బేరం మాట ఎత్తకుండానే ఆమె వెళ్లిపోయింది. నేను బైబిలు ముందు పెట్టుకుని కూర్చున్నాను. ప్రార్థనకు మాటలు రాలేదు. మాటలకు బదులు ఒక వాసన వచ్చింది. మా పెద్దమ్మ వాకిట్లో చాప మీద ఎండే ఇప్పపూల వాసన, తియ్యగా, కొంచెం మత్తుగా. దాని వెనకే ముత్తి వచ్చి నిలబడింది, తడి జడతో, చంకలో నత్తగుల్లల బుట్టతో.

మా ఇల్లు చింతూరు దాటాక శబరి ఒడ్డున ఉండేది. నాన్న కలప డిపోలో పని చేసేవారు. వానాకాలం వచ్చిందంటే రోడ్డు తెగిపోయేది, హైస్కూలు దూరం, ఆడపిల్లను హాస్టలుకు పంపడానికి అమ్మకు మనసొప్పలేదు. అందుకని నేను ఏ బడికీ వెళ్లలేదు. అమ్మకు అక్కయ్య, మా పెద్దమ్మ, మిషన్ బడిలో పాఠాలు చెప్పి చెప్పి, ఆ బడి మూతపడ్డాక మా ఇంటికి వచ్చి ఉండిపోయింది. నా బడి ఆమె. పొయ్యి పక్కన పీట వేసుకుని, ఒక చేత్తో రాగిజావ కలుపుతూ, రెండో చేత్తో బొగ్గు పట్టుకుని నేల మీద లెక్కలు వేయించేది. జావ పొంగితే లెక్క ఆగేది, లెక్క తప్పితే జావ మాడేది. బియ్యం కడుగుతూ పైకి వినపడేట్టు ప్రార్థన చేసేది. మధ్యలో రాయి కనిపిస్తే ప్రార్థన ఆపి, రాయి ఏరి పారేసి, ఆపిన మాట దగ్గరి నుంచే మళ్లీ అందుకునేది. దేవుడు అంతసేపూ కాచుకుని ఉంటాడనే ఆమె నమ్మకం. ఇవాళ నేను నాలుగు అక్షరాలు రాస్తున్నానంటే ఆ బొగ్గు ముక్క పుణ్యమే. రోజూ ఉదయం ఆమెకు కృతజ్ఞత చెప్పుకున్నాకే కాఫీ తాగుతాను.

మా ఒడ్డుకు ఎదురుగా నదిలో ఒక లంక. అవతలి ఒడ్డు ఒరిస్సా. లంక మీద కాసిని కోయ ఇళ్లు, పుచ్చతోటలు, మినుము చేలు. వరద పెరిగితే మేకలనూ కోళ్లనూ పిల్లలనూ దోనెల్లోకి ఎక్కించుకుని మా ఒడ్డుకు వచ్చి బడి వరండాలో కాపురం పెట్టేవాళ్లు, వరద తీస్తే వెళ్లిపోయేవాళ్లు. బియ్యం మా ఊరి రేషన్ షాపులో, పిల్లల చదువు గిరిజన పిల్లల కోసం మా ఊళ్లో పెట్టిన ఆశ్రమ పాఠశాలలో. చుట్టాలు, వేల్పు, కొలుపులు మాత్రం అవతలి ఒడ్డు మీది కొండగూడెంలో. నది మధ్య ఉన్న ఆ ఇసుక ఎవరిదన్న ప్రశ్న అప్పటిదాకా మాకెవరికీ తట్టలేదు. నీళ్లు తగ్గినప్పుడు మాకు దగ్గర, పాయ మారినప్పుడు వాళ్లకు దగ్గర, అంతే.

ముత్తి ఆ లంక పిల్ల. ఆశ్రమ పాఠశాలలో చదువుతూ, ఆదివారం మా ఇంటికి వచ్చేది. పెద్దమ్మకు కోయ భాష బాగా వచ్చు. వీళ్లిద్దరూ ఆ భాషలో ఏదో అనుకుని పడి పడి నవ్వుతుంటే నాకు ఉక్రోషంగా ఉండేది. నాకంటే కొంచెం చిన్నది, నన్ను అక్కా అనేది. నత్తగుల్లల కోసం నదిలో మునిగితే ఇక పైకి రాదేమోనని ఒడ్డున నా గుండె ఆగిపోయేది. ఎక్కడో దూరంగా తేలి, "భయపడ్డవా అక్కా?" అని పళ్లికిలించేది. ఆ ఊపిరే ఆమెను కబడ్డీలోకి తెచ్చింది. పీటీ సారు రాజయ్య ఇసుకలో గీతలు గీసి ఆడిస్తుంటే ముత్తి కూతకు వెళ్లేది. మిగతా పిల్లలు గుక్క తిప్పుకోలేక వెనక్కి పరుగెత్తే చోట ఈమె నింపాదిగా నిలబడి, ఎవరిని ముట్టుకోవాలా అని చూసుకునేది. కూత పెద్దగా ఉండేది కాదు, సన్నగా, తెగని దారంలా సాగేది. నేను కాసేపు విని నా ఊపిరి కూడా బిగబట్టి, ముత్తి కంటే ముందే వదిలేసేదాన్ని.

ఖమ్మంలో జిల్లా జట్టు ఎంపికకు సారు తీసుకుపోతే అక్కడా అదే కూత, అక్కడా అదే నింపాది. జట్టులోకి తీసుకున్నారు. అక్కడి నుంచి రాష్ట్రం జట్టుకు పేరు వెళ్లింది. తిరిగొచ్చి మా వంటింట్లో కూర్చుని ఖమ్మం కబుర్లు చెప్పింది. "కొళాయి తిప్పితె నీళ్లొస్తయి అక్కా, గని లోతు లేదు. మునుగుదామంటె తల గూడ తడవదు." రాష్ట్రం జట్టు బట్టలు ఏ రంగులో ఉంటాయో సారును అడిగిందట, ఆయనకూ తెలియదన్నాడట. నీలం అయితే బాగుంటుందని అమ్మ, ఎరుపయితే మురికి కనపడదని పెద్దమ్మ. ఆ సాయంత్రమంతా మా ఇంట్లో అదే చర్చ.

అప్పుడు వచ్చింది అభ్యంతరం. వేరే జిల్లా వాళ్లెవరో అడిగారు: ఆ పిల్ల మన రాష్ట్రం పిల్ల కాదట కదా, లంక అవతలి వాళ్లదట కదా, పక్క రాష్ట్రం పిల్లను మన జట్టులో ఎలా ఆడిస్తారు? మండలం ఆఫీసు నుంచి ఒక మనిషీ, ఆటల సంఘం తరఫున ఒక పెద్దమనిషీ లంకకు వచ్చి విచారిస్తారని కబురొచ్చింది. రాజయ్య సారు మా ఇంటికి పరుగెత్తుకొచ్చాడు.

"టీచరమ్మా, భీమయ్యకు మీ మాటంటె గురి. మేం ఇక్కడోళ్లమే అని ఒక్క మాట అనమనుండ్రి. గంతే."

భీమయ్య ముత్తికి తాత, నాన్నకు నాన్న. ముత్తి నాన్న చిన్నప్పుడే పోయాడు, పెంచింది ఈయనే. లంక వాళ్లకు వడ్డె, అంటే వేల్పుకు పూజ చేసే పెద్ద. పెద్దమ్మ కళ్లజోడు తీసి పైటతో తుడుచుకుంది. ఏదైనా బరువైన మాట ముందు అది ఆమె అలవాటు.

"అబద్ధం చెప్పమని నేను చెప్పను సార్."

"అబద్ధమేముందమ్మా? పిల్ల మన బియ్యం తింటది, మన బళ్లె సదువుతది. ఉన్నదే చెప్పమంటున్న."

"ఉన్నదే అయితే చెప్తాను."

చెప్పింది కూడా. భీమయ్య వల బాగుచేసుకుంటూ విని, "అవ్ అమ్మా, ఈడనే ఉంటున్నం గద" అన్నాడు. అది విని మేమంతా నిశ్చింతగా ఉన్నాం.

విచారణ రోజు ఉదయం పెద్దమ్మతో నేనూ దోనె ఎక్కాను. రాజయ్య సారు రెండు చేతులతో దోనె అంచు పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. లంక ఒడ్డున నీళ్లు ముంచుకుంటున్న ఆడవాళ్లు చూసి ఒకటే నవ్వు. "సారూ, పిల్లలను గీత దాటు గీత దాటు అని అదిలిస్తవు, నీళ్లు చూస్తె నీకు వణుకేంది?" "సారును తిరిగి పంపియ్యొద్దు, ఈడనే పెండ్లి చేసి ఉంచుకుందం!" సారు సిగ్గుపడుతూ ఇసుకలోకి దూకి మోకాళ్ల మీద పడ్డాడు. వచ్చిన పెద్దమనుషులూ నవ్వారు. చింతచెట్టు నీడలో మంచాలు వాల్చారు, పుచ్చకాయలు కోసి పెట్టారు. లంక మనుషులంతా చుట్టూ చేరారు. నది నుంచి నేరుగా వచ్చినట్టుంది ముత్తి, జడ కారుతూ తాత వెనక నిలబడింది.

మండలం ఆఫీసు మనిషి మర్యాదస్తుడే. అది చెప్పకపోతే తప్పవుతుంది. పుచ్చకాయ గింజలు పక్కకు ఊసి, మెల్లగా అడిగాడు.

"తాతా, ఈ పిల్ల నీకేమైతది?"

"నా కొడుకు బిడ్డ. నేనే సాకిన."

"మంచిది. మరి మీరు యాడోళ్లు?"

భీమయ్య లేచి నిలబడ్డాడు. భుజం మీది తువాలు తీసి నడుముకు చుట్టుకున్నాడు. ఆ కదలిక చూడగానే పెద్దమ్మ నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. ఆమెకు అర్థమైపోయింది. కోయవాళ్లలో ఒక్కో గట్టుకు, అంటే ఒక్కో వంశానికి, ఒక వేల్పు, ఆ వేల్పుకు ఒక పడిగె ఉంటాయి. పడిగె అంటే ముక్కోణపు జెండా. ఆ వంశం కథంతా రంగు గుడ్డ బొమ్మలుగా దాని మీద కుట్టి ఉంటుంది. పదిమంది కూర్చున్న చోట ఎక్కడివాడివని అడిగితే, ఆ పడిగె ఏ ఊళ్లో కొలువుందో ఆ ఊరే చెప్పాలి. కాపురమున్న ఊరు చెబితే వేల్పును కాదన్నట్టు. వంట దగ్గరో వల దగ్గరో అడిగితే ఎలాగైనా చెప్పవచ్చు. మంచాలు వేసి, పెద్దలను కూర్చోబెట్టి అడిగితే మాత్రం అలా కుదరదు.

"మాది సోడి ఇల్లు. మా పడిగె కొండగూడెంల ఉన్నది. మేం కొండగూడెపోళ్లం" అన్నాడు భీమయ్య, దేవుడి ముందు చెప్పినట్టు.

"కొండగూడెం అంటె అవతల ఒరిస్సాల?"

"అవ్. ఈడ ఉంటున్నం, పంటకు."

రాజయ్య సారు మంచం మీది నుంచి లేచి వచ్చి ముసలాయన చేతులు పట్టుకున్నాడు. "తాతా, నీకు దండం పెడ్త, ఒక్క మాట మార్చు. పిల్ల బతుకు తాతా."

"మాట మారిస్తె నేను మారుత సారూ. పిల్ల ఆడేది నాలుగు రోజులు. సచ్చినంక మేం పోయేది ఆడికే."

ఆటల సంఘం పెద్దమనిషి తల అడ్డంగా ఊపాడు. మండలం మనిషికి మాత్రం జాలేసింది. ముత్తి వైపు తిరిగి, "నువ్వు పెద్దపిల్లవే గద తల్లీ. నువ్వు చెప్పు, నువ్వు యాడ దానివి? నీ మాట రాసుకుంట" అన్నాడు. అది ఆయన తెరిచిపెట్టిన తలుపు. అందరికీ కనిపించింది. పెద్దమ్మ పెదవులు కదులుతున్నాయి, ప్రార్థిస్తోంది. ముత్తి తాత వీపు వైపు చూసింది. ఆ వీపు నిటారుగా ఉంది గానీ, నడుముకు చుట్టిన తువాలు కొస వణుకుతోంది.

"తాత చెప్పిందే, సార్" అంది.

తిరుగు ప్రయాణంలో తెడ్డు ముత్తే వేసింది. హాస్టలుకు రావాలి కదా. సారు మోకాళ్లలో తల పెట్టుకుని భుజాలు కదిలిపోయేట్టు ఏడుస్తుంటే, "సారూ, ఊగకు, దోనె మునుగుద్ది" అంది. ఆ రోజు ఆమె మా అందరితో అన్న మాట అదొక్కటే.

తర్వాత ఒక ఆదివారం పొయ్యి దగ్గర ముత్తిని అడిగాను, ఎందుకలా అన్నావని. చింతగింజలు వేయిస్తోంది, చెయ్యి ఆపకుండానే చెప్పింది. "నేను కాదంటె తాత పదిమందిల అబద్ధాలోడైతడు అక్కా. ఆయనను ఇంక పడిగె ముట్టనియ్యరు. ఆట ఏముంది, మళ్లొచ్చె ఏడు ఆడుకుంట." ఆ మళ్లొచ్చే ఏడు రాలేదు. భీమయ్యే మనవరాలిని వెంటబెట్టుకుని అవతలి ఒడ్డుకు నడిచాడు. తన నోటితో చెప్పిన ఊరే కాబట్టి అక్కడి జట్టులోకి తీసుకుంటారని ఆయన ధీమా. వాళ్లు, చదువు అక్కడ, బియ్యం అక్కడ, ఈమె ఆ ఒడ్డు పిల్లే, మా పిల్ల కాదన్నారట. వచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు. పెద్దమ్మ మజ్జిగ ఇచ్చింది, తాగలేదు.

"పడిగె మాదే అన్నరమ్మా. పిల్లను మాది అనేటోళ్లే లేరు" అన్నాడు.

పెద్దమ్మ ఆ మాటను పోయేదాకా మోసింది. "ముసలాయన్ని జవాబు మార్చమని అడిగాం గానీ, వచ్చినవాళ్లను ప్రశ్న మార్చమని అడగాలని తోచలేదే" అనేది, చేస్తున్న పని ఆపేసి. పిల్ల ఎక్కడ తింటుంది, ఎక్కడ చదువుతుంది, వరదొస్తే ఎక్కడ తలదాచుకుంటుంది అని అడిగి ఉంటే, భీమయ్య ఏ వేల్పునూ నొప్పించకుండా మూడింటికీ మా ఊరి పేరే చెప్పి ఉండేవాడు. నేను ఇన్నేళ్లలో ఎన్నోసార్లు ఆ చింతచెట్టు కింద నిలబడి, ఆ ప్రశ్నను మార్చి అడిగించుకున్నాను. మార్చి అడిగినప్పుడల్లా ముత్తి జట్టులోకి వెళ్తుంది. కళ్లు తెరిస్తే ఏమీ మారదు.

ముత్తి పెళ్లయి అవతలికి వెళ్లింది. తర్వాత చాలా ఏళ్లకు ఒక్కసారి చూశాను. వేంసూరు దగ్గర మా బంధువుల మిర్చి చేలో, కూలికి వచ్చిన ఆడవాళ్ల గుంపులో, ముఖానికి గుడ్డ కట్టుకున్న ఒక మనిషి "అక్కా!" అని కేకేసింది. గుడ్డ తీస్తే అవే పళ్లు. చేతులు మిరప మంటకు ఎర్రబడి ఉన్నాయి. కల్లం గట్టు మీద కూర్చుని నా టిఫిను డబ్బాలో అన్నం ఇద్దరం తిన్నాం. "ఇప్పుడు నన్ను అందరూ పిలుస్తున్రక్కా. మిరపకాయలు ఏరనీకె ఏ రాష్ట్రమోళ్లమైనా ఒకటే" అని నవ్వింది. ఇంకా కూత వస్తుందా అని అడిగాను, అడగకుండా ఉండాల్సింది. గుండె నిండా గాలి పీల్చింది. మిరప ఘాటు గొంతుకు తగిలి దగ్గు తెర ముంచుకొచ్చింది. ఇద్దరం కళ్ల నీళ్లు వచ్చేదాకా నవ్వాం. నవ్వు ఆగాక కూడా ఆమె ఇంకొంచెంసేపు దగ్గుతూనే ఉంది.

మొన్న మా తమ్ముడి కూతురు ఫోనులో ఒక సంగతి చదివి వినిపించింది. ఎక్కడో సముద్రాల మధ్య చిన్న చిన్న దీవులట. వాళ్లకంటూ ఒక జెండా ఉందట, పాట ఉందట, గానీ పెద్ద ఆటలకు వెళ్లాలంటే కొన్ని దీవుల పిల్లలు తమను ఏలే దేశం పేరు మీదే వెళ్లాలట. కొన్ని ఆటల్లో మాత్రం తాతో అమ్మమ్మో పుట్టిన చోటు చూసి, నువ్వు మా వాడివే అని పిలుచుకుంటారట. "తాత ఉంటే చాలు అత్తా, జట్టులోకి తీసుకుంటారు, భలేగా ఉంది కదా!" అంది ఆ పిల్ల. నేను లేచి వంటింట్లోకి వెళ్లిపోయాను. తాత ఉన్నందుకు జట్టు దొరికే చోట్లు కూడా ఈ భూమి మీద ఉన్నాయన్నమాట. ఆ పిల్లల మీద నాకు ఈర్ష్య లేదు. దేవుడు వాళ్లను చల్లగా చూడాలి. కాకపోతే శబరిలోని ఇసుక దిబ్బకు అంత పెద్ద న్యాయం చేరడానికి దారి లేకపోయింది.

ఇక మా సంగతి. రాష్ట్రం రెండైనప్పుడు మా చింతూరు, చుట్టుపక్కల మండలాలూ ఖమ్మం నుంచి తీసి రెండో రాష్ట్రంలోని జిల్లాలో కలిపారు. భద్రాచలం ఇటు ఉండిపోయింది. నేను పుట్టిన ఇల్లు, పెద్దమ్మ సమాధి ఇప్పుడు వేరే రాష్ట్రంలో ఉన్నాయి. పూలు పెట్టి రావాలంటే రాష్ట్రం దాటి వెళ్తాను. ఇల్లు కదల్లేదు, సమాధి కదల్లేదు, మమ్మల్ని ఎవరూ చింతచెట్టు కింద మంచాలు వేసి అడగనూ లేదు. మీది ఏ ఊరని ఎవరైనా అడిగితే నేను ఇప్పటికీ పెద్దమ్మ ఉన్న ఊరే చెప్తాను. అది చెప్పేటప్పుడు నాకు తెలియకుండానే వీపు నిటారవుతుంది. భీమయ్య మీద చాలాకాలం లోలోపల కోపం ఉండేది. అది ఎప్పుడు పోయిందో తెలియదు, పోయినందుకు ప్రభువుకు స్తోత్రం. ముత్తి విషయంలో బాధ మాత్రం పోలేదు, పోవాలని నేను అడగనూ లేదు.

చదువుతున్న మీరు నాకు ఒక్క ఉపకారం చేయండి. మీ ఊరికి ఏదో ఒక జట్టు ఉండే ఉంటుంది, పిల్లలు సాయంత్రాలు ఆడుతూనే ఉంటారు. ఎప్పుడైనా అటు పోతూ వాళ్ల ఆట చూడటానికి నిలబడితే, ఆ ఆడేవాళ్లలో ఇంకొక పిల్లను కలిపి చూసుకోండి. ఏ రాష్ట్రం, ఏ ఒడ్డు అని అడక్కండి. మా పిల్లే అనుకోండి చాలు. ఆమె పేరు సోడి ముత్తి.